విదేశీ కంపెనీకి ఇంటి నుంచి కోడ్ రాయాలంటే

ప్రకటనలో ‘రిమోట్’ అని కనబడగానే రెజ్యూమె పంపేయకండి. కింద ఎక్కడో ‘యూఎస్ ఓన్లీ’ అనో, ‘యూరప్ టైమ్‌జోన్లు మాత్రమే’ అనో ఒక ముక్క ఉంటుంది. ఒక దేశంలో ఉన్న మనిషికి జీతం ఇవ్వాలంటే అక్కడ పేరోల్ (జీతాల లెక్క) నడపాలి, పన్ను మినహాయించాలి, ఆ దేశపు కార్మిక చట్టాలు పాటించాలి. ఆ ఏర్పాటు లేని కంపెనీని ఎంత గొప్ప కవర్ లెటరూ కదిలించలేదు. ‘ఎనీవేర్’, ‘కాంట్రాక్టర్లు ఓకే’, మీ సమయం ఆ పరిధిలో పడితే ‘యూటీసీకి (ప్రపంచ ప్రామాణిక సమయానికి) అటూ ఇటూ 4 గంటలు’ లాంటి మాటలున్న ప్రకటనల మీదే సమయం పెట్టండి. అమెరికా, బ్రిటన్ కంపెనీలకు పంపే రెజ్యూమెలో ఫొటో, పుట్టిన తేదీ, పెళ్లి వివరాలు ఉండకూడదు.

ఏ పద్ధతిలో తీసుకుంటున్నారు?

ఇంటర్వ్యూ మొదటి కాల్‌లోనే ఈ ప్రశ్న అడిగేయాలి. మిగతా లెక్కలన్నీ దీని మీదే ఆధారపడి ఉంటాయి. కంపెనీకి మీ దేశంలో సొంత శాఖ ఉంటే మామూలు ఉద్యోగమే. శాఖ లేకపోయినా ఉద్యోగిగా తీసుకోవాలనుకుంటే డీల్, రిమోట్, ఆయిస్టర్ లాంటి ‘ఎంప్లాయర్ ఆఫ్ రికార్డ్’ సంస్థ ద్వారా తీసుకుంటారు. కాగితం మీద మీ యజమాని ఆ సంస్థ, పని చెప్పేది విదేశీ కంపెనీ. స్థానిక చట్టం ప్రకారం సెలవులు, పన్ను కోత అన్నీ ఆ సంస్థే చూసుకుంటుంది. మూడోది కాంట్రాక్టర్ పద్ధతి. నెలనెలా ఇన్‌వాయిస్ పంపుతారు, డబ్బు వస్తుంది. జీతంతో కూడిన సెలవు లేదు, బీమా లేదు, పన్ను బాధ్యత పూర్తిగా మీదే. చిన్న కంపెనీలు ఎక్కువగా అడిగేది ఇదే కాబట్టి ఇక్కడి నుంచి చెప్పేదంతా ముఖ్యంగా కాంట్రాక్టర్ల కోసం.

రేటు దగ్గర చాలామంది చేసే తప్పు, కావాల్సిన ఏడాది ఆదాయాన్ని 2,080 గంటలతో (52 వారాలు, వారానికి 40 గంటలు) భాగించడం. ఆ గంటలన్నీ మీ చేతికి రావు. సెలవులు, పండుగలు, జ్వరాలు కలిపి 6 వారాలు తీసేస్తే 46 వారాలు, అంటే 1,840 గంటలు. అందులో కనీసం పావు వంతు లెక్కలు రాయడానికి, కొత్త పని వెతకడానికి, రెండు కాంట్రాక్టుల మధ్య ఖాళీకి పోతుంది. మిగిలేది 1,380. ఏడాదికి 41,400 డాలర్లు కావాలంటే గంటకు అడగాల్సింది 30 డాలర్లు. 2,080తో భాగించినవాళ్లకు 20 కంటే కొంచెం తక్కువ వస్తుంది. తర్వాత సెలవు పెట్టిన ప్రతిసారీ ఆ పది డాలర్ల తేడా గుర్తొస్తుంది.

సంతకానికి ముందు కాంట్రాక్టులో చూడాల్సినవి

మేధో హక్కుల క్లాజు సాధారణంగా ‘ఈ కాలంలో మీరు సృష్టించినదంతా కంపెనీదే’ అన్నట్టు రాసి ఉంటుంది. దాన్ని ‘కంపెనీ కోసం చేసిన పని’ వరకే కుదించమనండి. మీ పాత ప్రాజెక్టులు, ఓపెన్ సోర్స్ లైబ్రరీలు పేర్లతో సహా అనుబంధంలో చేర్చండి. హక్కులు డబ్బు చెల్లించాకే బదిలీ అవుతాయని ఒక వాక్యం పెట్టించగలిగితే ఇంకా మంచిది.

నష్టపరిహారం క్లాజులో పరిమితి లేకపోతే సంతకం పెట్టకండి. ‘గత 12 నెలల్లో కాంట్రాక్టరుకు చెల్లించిన మొత్తాన్ని మించదు’ అన్న సవరణ అడగడం మామూలే, ఎవరూ తప్పు పట్టరు. రద్దు నోటీసు రెండు వైపులా సమానంగా, 30 రోజులు ఉండాలి. ఇతరులకు పని చేయకూడదన్న షరతు పెడితే దానికి తగ్గ నెలవారీ హామీ మొత్తం అడగండి. ఉద్యోగికి పెట్టే కట్టుబాట్లు పెట్టి, ఉద్యోగికి ఇచ్చే భద్రత ఇవ్వకపోవడం అన్యాయం.

చెల్లింపు గడువును మాత్రం క్యాలెండర్ ముందు పెట్టుకుని చదవాలి. ‘నెట్ 30’ అంటే ఇన్‌వాయిస్ తేదీ నుంచి 30 రోజులు. నెలాఖరున ఇన్‌వాయిస్ పంపితే, నెల మొదటి రోజు చేసిన పనికి డబ్బు 60 రోజులకు చేతికొస్తుంది. ‘నెట్ 60’ అయితే 90. నెలకు రెండుసార్లు ఇన్‌వాయిస్, ‘నెట్ 15’ అని మార్పించుకుంటే ఎంత ఆలస్యమైనా దాదాపు 30 రోజుల్లో వచ్చేస్తుంది. కాంట్రాక్టులో అమెరికాలోని డెలావేర్ రాష్ట్ర చట్టం వర్తిస్తుందని ఉందా, ఇంగ్లండ్ చట్టమా అన్నదానికంటే ఇదే ముఖ్యం. రెండు మూడు వేల డాలర్ల కోసం పరాయి దేశపు కోర్టుకు వెళ్లేవాళ్లు ఎవరూ ఉండరు. బకాయి పెరగకుండా చూసుకోవడమే అసలు రక్షణ. గడువు దాటి పది రోజులైనా డబ్బు రాకపోతే పని ఆపే హక్కు ఉందని కాంట్రాక్టులోనే రాయించండి.

పన్ను కాగితం, బ్యాంకు వివరాలు

అమెరికన్ కంపెనీ మీ నుంచి డబ్ల్యూ-8బెన్ ఫారం (మీరు పన్ను పరంగా అమెరికా వ్యక్తి కాదన్న ధ్రువీకరణ) అడుగుతుంది. సొంత కంపెనీ పేరుతో పని చేస్తుంటే డబ్ల్యూ-8బెన్-ఈ. అమెరికా పౌరులూ, పన్ను పరంగా అక్కడి నివాసులూ కానివాళ్లకు డబ్ల్యూ-9 వర్తించదు. అక్కౌంట్స్ వాళ్లు అలవాటుగా అదే పంపితే తిప్పి పంపండి. పని మొత్తం అమెరికా బయటే జరిగితే ఆ ఆదాయం అమెరికాలో పుట్టినది కాదు కాబట్టి విదేశీయుల చెల్లింపుల మీద అమెరికా వేసే 30 శాతం పన్ను కోత పడదు. ఈ ఫారం కంపెనీ దగ్గరే ఉంటుంది, మీరు పన్ను శాఖకు పంపక్కర్లేదు. సంతకం చేసిన ఏడాది తర్వాత మూడో ఏడాది చివరిదాకా చెల్లుతుంది: 2025లో ఏ తేదీన సంతకం పెట్టినా 2028 డిసెంబరు 31 వరకు. శాశ్వత చిరునామా గడిలో పోస్ట్ బాక్స్ నంబరు రాయకూడదు.

మీ దేశంలో కట్టాల్సిన పన్నును ఎవరూ ముందుగా పట్టుకోరు. అందుకే వచ్చిన ప్రతి మొత్తంలో కొంత వేరే ఖాతాలోకి మళ్లించాలి. మొదటి నెలలోనే అకౌంటెంటును మూడు విషయాలు అడగండి: సేవల ఎగుమతికి రిజిస్ట్రేషన్ కావాలా, ఎగుమతి మీద పరోక్ష పన్ను ఉందా, ముందస్తు పన్ను వాయిదాలు ఎప్పుడు కట్టాలి.

ఇన్‌వాయిస్‌లో వరుస సంఖ్య, తేదీ, గడువు తేదీ, ఇద్దరి చిరునామాలు, పని చేసిన కాలం, కరెన్సీ, బ్యాంకు వివరాలు ఉండాలి. స్విఫ్ట్ కోడ్‌లో 8 లేదా 11 అక్షరాలుంటాయి. ఖాతాదారు పేరు బ్యాంకులో ఉన్నట్టే రాయాలి, ఇంటి పేరు పొట్టి చేసినా చెల్లింపు వెనక్కి పోవచ్చు. వెయ్యి పంపితే 975 వచ్చిందంటే మధ్యలో ఉన్న బ్యాంకు కోసుకుందని అర్థం. పంపేవాళ్లు ఛార్జీల గడిలో ‘షా’ (ఖర్చు ఇద్దరూ పంచుకోవడం) బదులు ‘అవర్’ (ఖర్చంతా పంపేవారిదే) ఎంచుకుంటే ఆ ఖర్చు వాళ్లే భరిస్తారు. కానీ ఎక్కువ నష్టం కనబడని చోట, మారకపు రేటులో ఉంటుంది. 3,000 డాలర్ల మీద 2 శాతం తేడా అంటే 60 డాలర్లు. ఆ రోజు మార్కెట్ మధ్యరేటును (కొనే, అమ్మే రేట్ల సగటు), బ్యాంకు ఇచ్చిన రేటును పక్కపక్కన పెట్టి చూడండి. వైజ్, పేయోనీర్ లాంటి డబ్బు బదిలీ సేవలు మీ దేశంలో అందుబాటులో ఉంటే వాటితోనూ పోల్చండి. కంపెనీ పంపామంటుంది, మీ బ్యాంకు రాలేదంటుంది – అలాంటప్పుడు బ్యాంకుల మధ్య వెళ్లిన చెల్లింపు సందేశం (పాత పేరు ‘ఎంటీ103’, 2025 చివరి నుంచి ‘పాక్స్.008’) కాపీ కంపెనీని అడగండి. డబ్బు ఏ బ్యాంకు దగ్గర ఆగిందో మీ బ్యాంకు దాన్ని బట్టి వెతకగలదు.

గడియారం

రోజుకు మూడు నాలుగు గంటలు రెండు వైపులా మెలకువగా ఉంటే చాలు, పని నడుస్తుంది. ఆ గంటలు ఏవో కాంట్రాక్టులోనే రాసుకోవాలి. ‘ఫ్లెక్సిబుల్’ అని వదిలేస్తే ఆరు నెలల్లో మీటింగులన్నీ మీ అర్ధరాత్రికి జరుగుతాయి.

అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకు వెళ్తాయి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి వస్తాయి. యూరప్‌లో అవే మార్పులు మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం. న్యూయార్క్ ఉదయం 10 గంటల మీటింగ్ చలికాలంలో 15:00 యూటీసీ, వేసవిలో 14:00. గడియారం మార్చని దేశంలో ఉన్నవాళ్లకు మార్చిలో ఒక సోమవారం హఠాత్తుగా గంట ముందుకొస్తుంది. టీమ్ రెండు ఖండాల్లో ఉంటే మార్చిలో రెండు మూడు వారాలు, శరదృతువులో ఒక వారం ఇంకా గందరగోళం: న్యూయార్క్, బెర్లిన్ మధ్య మామూలుగా 6 గంటలుండే తేడా అప్పుడు 5 అవుతుంది. అందుకే క్యాలెండర్ ఆహ్వానంలో ‘ఈఎస్‌టీ’ (న్యూయార్క్ చలికాలపు సమయం) అని కాకుండా ‘అమెరికా/న్యూయార్క్’ జోన్ ఎంచుకోండి, మార్పు దానంతట అదే జరుగుతుంది. తేదీలు 2026-04-03 పద్ధతిలో రాయండి. 03/04 అంటే అమెరికన్లకు మార్చి 4, యూరప్ వాళ్లకు ఏప్రిల్ 3. అన్నట్టు, అమెరికా స్థానిక సమయంలో రాత్రి 2:30కి పెట్టిన షెడ్యూల్డ్ జాబ్ ఆ మార్చి ఆదివారం ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే ఆ రోజు 2:30 అనే సమయమే ఉండదు. సర్వర్లు యూటీసీలో నడపడం మేలు.

రాతే మీ హాజరు

‘హాయ్, ఒకసారి కాల్ మాట్లాడొచ్చా?’ అని చాట్ యాప్ స్లాక్‌లో పెట్టి ఎదురుచూస్తే ఒక రోజు పోయినట్టే. వాళ్లు లేచి ‘సరే, ఏంటి?’ అనేసరికి మీరు నిద్రలో ఉంటారు. ప్రశ్నలో నాలుగు ఉండాలి: సమస్య, చూసిన దారులు, మీరు ఎంచుకున్నది, జవాబు రాకపోతే ఏం చేస్తారు. ఉదాహరణకు ఇలా: ‘పేమెంట్ వెబ్‌హుక్ ఒక్కోసారి రెండుసార్లు వస్తోంది. ఈవెంట్ ఐడీ మీద యునిక్ ఇండెక్స్ పెట్టడం ఒక దారి, క్యూలోనే వడపోయడం ఇంకో దారి. క్యూ రీస్టార్ట్ అయితే రెండోది పని చేయదు కాబట్టి మొదటిది రాస్తున్నాను. 16:00 యూటీసీలోగా అభ్యంతరం చెప్పకపోతే పుల్ రిక్వెస్ట్ పెడతాను.’ చదివినవాళ్లు బొటనవేలు ఎమోజీ పెట్టి వెళ్లినా పని ఆగదు. అయితే డేటా చెరిపేసేవీ, వెనక్కి తీసుకోలేనివీ ఈ పద్ధతిలో చేయకూడదు. వాటికి స్పష్టమైన అనుమతి కోసం ఆగాల్సిందే.

పుల్ రిక్వెస్టులు (మీ కోడ్ మార్పును చేర్చమని పంపే అభ్యర్థనలు) 200–300 లైన్లు దాటనివ్వకండి. పెద్దదైతే రివ్యూ చేసేవారు రేపటికి వాయిదా వేస్తారు, మీకు ఆ రేపు ఎల్లుండి అవుతుంది. ఎందుకు మార్చారు, ఎలా పరీక్షించారు, తేడా వస్తే ఎలా వెనక్కి తీసుకోవాలి అన్నది వివరణలోనే ఉండాలి. మీ రోజు చివర డిప్లాయ్ చేసి పడుకోకండి. అవతల మెలకువగా ఉన్నవాళ్లకు ఆ కోడ్ తెలియదు, తెలిసిన మీరు నిద్రలో ఉంటారు. శుక్రవారానికి పూర్తికాదని మంగళవారమే తెలిస్తే మంగళవారమే చెప్పాలి. కాల్ అయ్యాక ఐదు నిమిషాల్లో నిర్ణయాలను నాలుగు వాక్యాల్లో రాసి పంపండి. యాస వల్ల సరిగా వినబడనిది ఏదైనా ఉంటే అక్కడే బయటపడుతుంది.

మెషిన్, మోసాలు

వీడియో కాల్‌కు 4 ఎంబీపీఎస్ చాలు, కానీ అది నిలకడగా రావాలి. వైఫై కంటే కేబుల్ నయం. రెండో ఇంటర్నెట్ కనెక్షన్ మొదటిది ఇచ్చిన కంపెనీదే కాకూడదు, ఫోన్ హాట్‌స్పాట్ అయినా సరే. రౌటరుకు 10–15 వాట్లే కాబట్టి చిన్న యూపీఎస్ మీద గంటలు నడుస్తుంది. డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్ట్ చేయండి. యూరప్ వినియోగదారుల డేటాను బయటి దేశం నుంచి చూడటం కూడా యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ కింద డేటా బదిలీయే, కాబట్టి ప్రొడక్షన్ డేటాబేస్ కాపీ మీ ల్యాప్‌టాప్‌లోకి దించకండి.

ఇంటర్వ్యూ పేరుతో జరిగే దాడులు తెలుసుకోండి. రిక్రూటర్ అని చెప్పి ఒక రెపో (కోడ్ ఫోల్డర్) పంపి ‘రన్ చేసి బగ్ సరిచేయండి’ అంటారు. ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేస్తుండగానే అందులోని స్క్రిప్ట్ మీ పాస్‌వర్డులు, క్రిప్టో వాలెట్ కీలు ఎత్తుకుపోతుంది. తెలియని కోడ్‌ను కంప్యూటర్ లోపలే విడిగా నడిచే, ఏ కీలూ లేని వర్చువల్ మెషిన్‌లోనే తెరవండి. ఎడిటర్ ‘ఈ ఫోల్డర్‌ను నమ్ముతారా?’ అంటే వద్దనండి. మీ పేరుతో ఇంటర్వ్యూకు హాజరై వాటా ఇస్తామనేవాళ్లకూ, వేరొకరి పని కోసం వచ్చిన కంపెనీ ల్యాప్‌టాప్ మీ ఇంట్లో పెట్టుకోమనేవాళ్లకూ దూరంగా ఉండండి. అమెరికాలో ఇలాంటి పనికి క్రిమినల్ కేసులు పెట్టారు.

కొన్ని వారాలు ఇంకో దేశంలో ఉండి పని చేయాలనుకుంటే ముందుగా చెప్పి అనుమతి తీసుకోండి. లాగిన్ ఐపీ అడ్రసు ఎలాగూ చెప్పేస్తుంది, పైగా వీసా, పన్ను చిక్కులు రెండూ ఉంటాయి.

కాంట్రాక్టు రద్దయిన రోజు కంపెనీ మెయిల్, స్లాక్ నిమిషాల్లో మూసుకుపోతాయి. ఆమోదించిన టైమ్‌షీట్లు, సంతకాల కాగితాలు, అక్కౌంట్స్ విభాగం మెయిల్ అడ్రసు మొదటి నెల నుంచే మీ సొంత ఖాతాలో ఉంచుకోవాలి. కోడ్, కస్టమర్ల సమాచారం మాత్రం అందులోకి రాకూడదు. చివరి ఇన్‌వాయిస్‌ను సొంత మెయిల్ నుంచి, పని ఆపిన రోజే పంపండి.