హెచ్‌ఐవీ సేవల నాణ్యత పెంచడానికి విదేశీ నిధులు ఎక్కడ పెట్టాలి

గ్రాంటు మంజూరు కాగానే శిక్షణ శిబిరాలు, వాహనాలు, కంప్యూటర్లు బడ్జెట్‌లోకి ఎక్కేస్తాయి. వాటి జోలికి వెళ్లకముందు రెండు వారాలు రిజిస్టర్లు ముందేసుకుని కూర్చోండి. నివేదికల్లో ప్రధానంగా కనిపించేవి మూడు అంకెలు: ఎంతమందికి తమకు హెచ్‌ఐవీ ఉందని తెలుసు, ఎంతమంది మందులు వాడుతున్నారు, ఎంతమందిలో వైరస్ అదుపులో ఉంది. జనం జారిపోయేది ఈ అంకెల మధ్య ఉన్న మెట్ల మీద. డబ్బు పెట్టాల్సిందీ అక్కడే.

రక్తంలో వైరస్ ఎంత ఉందో కొలిచే వైరల్ లోడ్ పరీక్షనే తీసుకోండి. లెక్క అర్థం కావడానికి ఒక ఊహా చికిత్సా కేంద్రం: ఏడాదిలో పరీక్ష చేయాల్సినవారు 400 మంది. రక్తం తీసింది 310 మందికి. ల్యాబ్ నుంచి వచ్చిన ఫలితాలు 260. రోగి ఫైల్లోకి చేరినవి 215. వాటిలో మిల్లీలీటరు రక్తానికి 1000 వైరస్ కాపీలు దాటినవి, అంటే వైరస్ అదుపులో లేనివి 24. ఆ 24 మందిలో కౌన్సెలింగ్ పూర్తయింది 9 మందికి, మళ్లీ పరీక్ష జరిగింది 5 మందికి. నివేదికలో మాత్రం 215కి 191 మంది, అంటే 89 శాతం అదుపులో ఉన్నట్టు పడుతుంది. 400 మీద లెక్కేస్తే అది 48 శాతమే. ఏ కేంద్రానికైనా ముందు ఈ మెట్ల లెక్క చేతితో రాయించండి, సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత.

లెక్క నమ్మదగ్గదేనా అన్నది కూడా చూడాలి. ఏదో ఒక నెల నివేదిక తీసుకుని, అదే నెల రిజిస్టర్‌ను మీరే మళ్లీ లెక్కపెట్టండి. తేడా 10 శాతం దాటితే ముందు రికార్డులు సరిచేయాలి. ఎక్కువగా దొరికే తప్పులు: వేరే కేంద్రానికి మారినవారి పేర్లు తీసేయకపోవడం, ఒకే మనిషికి రెండు నంబర్లు, రావాల్సిన తేదీ దాటి 28 రోజులైనా మందులు తీసుకోనివారిని వాడుతున్నట్టే చూపించడం.

ఇక ఒక్కో మెట్టుకూ కారణం వెతకండి. రక్తం తీశాక ఫలితం రాలేదంటే చాలాసార్లు తప్పు రవాణాలో ఉంటుంది. ఈడీటీఏ ట్యూబులో (రక్తం గడ్డకట్టకుండా చూసేది) తీసిన రక్తం నుంచి ప్లాస్మాను, అంటే రక్తకణాలు పోగా మిగిలే ద్రవాన్ని, సాధారణంగా 24 గంటల్లోపు వేరు చేయాలి. కచ్చితమైన గడువు కిట్ తయారీదారు చెప్పినదే. కొరియర్ వారానికి రెండుసార్లే వస్తుంటే, మిగతా రోజుల్లో తీసిన రక్తం ల్యాబ్‌కు చేరేసరికి పనికిరాకుండా పోతుంది. ఇక్కడ శిక్షణ శిబిరం పెట్టి లాభం లేదు. ట్రిప్పుల సంఖ్య పెంచాలి, లేదా కేంద్రానికి ప్లాస్మాను వేరు చేసే చిన్న సెంట్రిఫ్యూజ్ యంత్రం ఒకటి ఇవ్వాలి. రెండూ కుదరకపోతే కాగితంపై ఎండబెట్టిన రక్తపు చుక్కలు పంపించవచ్చు. వాటిని కనీసం 4 గంటలు ఆరనిచ్చి, తేమ పీల్చే పొట్లంతో జిప్ కవర్లో పెట్టాలి.

ఫలితం వచ్చినా ఫైల్లోకి చేరలేదంటే అది డ్రాయర్‌లో పడి ఉందని అర్థం. దానికి పెద్ద ఖర్చు లేదు. ఫలితాల బాధ్యత ఒక్కరికే అప్పగించి, 1000 దాటినవారికి అదే వారంలో ఫోన్ వెళ్లేలా చూడండి. ఫోన్ ఖర్చు, ఆ మనిషి సమయం బడ్జెట్‌లో రాయండి.

కౌన్సెలింగ్‌లో "మందులు సరిగా వేసుకోండి" అని చెప్పి పంపేస్తే మూడు నెలల తర్వాత చేసే పరీక్షలోనూ అదే అంకె వస్తుంది. డోల్యూటెగ్రవిర్ అనే హెచ్‌ఐవీ మందు వాడేవారిని యాంటాసిడ్లు, క్యాల్షియం, ఐరన్ మాత్రలు ఎప్పుడు వేసుకుంటున్నారో అడగండి. యాంటాసిడ్‌కు 2 గంటల ముందు గానీ, 6 గంటల తర్వాత గానీ డోల్యూటెగ్రవిర్ వేసుకోవాలి. టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే పెద్దలకు డోల్యూటెగ్రవిర్ 50 మిల్లీగ్రాముల మోతాదు రోజుకు రెండుసార్లు కావాలి. ఇంట్లో మందులు దాచుకోవాల్సి వస్తోందా, దారి ఖర్చులకు డబ్బు ఉంటోందా అన్నవి ఆ తర్వాతి ప్రశ్నలు.

మార్పును ముందు ఒకే కేంద్రంలో, ఒకే మెట్టు మీద ప్రయత్నించండి. వారం వారం శాతాన్ని గ్రాఫ్ కాగితంపై చుక్కగా పెట్టి, మధ్యగత రేఖ గీయండి. వరుసగా 6 చుక్కలు ఆ గీతకు పైనే ఉంటే మార్పు నిజమైనదే. ఒక్క వారం పెరిగిందని వేడుక చేసుకుని పద్ధతిని 40 కేంద్రాలకు పాకించడం మామూలుగా జరిగే పొరపాటు.

పరికరాల విషయంలో నిధులు ఎక్కువగా వృథా అవుతాయి. వైరల్ లోడ్ యంత్రాన్ని కొనేకంటే రియేజెంట్లు (పరీక్షకు వాడే రసాయనాలు), మరమ్మతులు, సర్వీసు అన్నీ కలిపి ఒక్కో పరీక్షకు ఇంత అని కట్టే ఒప్పందం మేలు. యంత్రం ఆగితే ఇంజనీరు ఎన్ని గంటల్లో రావాలో, రాకపోతే జరిమానా ఎంతో అందులో రాయించండి. వ్యర్థాల ఖర్చును దాదాపు అందరూ మరిచిపోతారు. ఈ పరీక్షల రియేజెంట్లలో చాలావాటిలో గ్వానిడీన్ థయోసయనేట్ ఉంటుంది. దాని మీద బ్లీచ్ పోస్తే విషవాయువు వెలువడుతుంది కాబట్టి, అధిక ఉష్ణోగ్రతలో కాల్చే ఏర్పాటుకు డబ్బు పక్కన పెట్టాలి.

రోగులు నెల నెలా తిరగకుండా మూడు నెలల మందులు ఒకేసారి ఇవ్వడం మంచి మార్పే, కానీ స్టాక్ లెక్క చూసుకోవాలి. 900 మందినీ ఒకే నెలలో మారిస్తే మనిషికి నెలకో డబ్బా చొప్పున ఆ నెలకు 2,700 డబ్బాలు కావాలి. నెలకు 300 మంది చొప్పున మారిస్తే మొదటి నెల 1,500, రెండో నెల 1,200, ఆపైన మళ్లీ 900. గోదాములో ఆ అదనపు డబ్బాలు లేకుండా మొదలుపెడితే చివర వచ్చినవారు ఖాళీ చేతులతో వెళ్తారు.

లక్ష్యాలు పెట్టేటప్పుడు జాగ్రత్త. పరీక్షల సంఖ్యకే మార్కులు వేస్తే, హెచ్‌ఐవీ ఉందని ఇప్పటికే తెలిసినవారికే మళ్లీ పరీక్షలు జరుగుతాయి. లైంగిక భాగస్వాముల పేర్లు చెప్పమని రోగుల మీద ఒత్తిడీ పెరుగుతుంది. పేర్లు అడిగేముందు సమ్మతి తీసుకోవడం, ఇంట్లో హింస భయం ఉందా అని విచారించడం తప్పనిసరి. ఆ రెండూ జరిగాయా అన్న గడి ఫారంలోనే ఉండాలి.

జీతాలు స్థానిక ప్రభుత్వ స్కేలును మించితే పక్కనున్న టీబీ వార్డు సిబ్బంది ఇటు వచ్చేసి ఆ వార్డు ఖాళీ అవుతుంది. 2025 జనవరి 20న అమెరికా విదేశీ సాయాన్ని 90 రోజులు నిలిపివేయాలని ఉత్తర్వు వచ్చినప్పుడు, అనేక దేశాల్లో ఆ సొమ్ముతోనే జీతాలు అందుకుంటున్న కౌన్సెలర్లు, డేటా సిబ్బంది, పీర్ వర్కర్లు (తోటి రోగులకు సాయపడే రోగులు) ఒక్కసారిగా పనికి దూరమయ్యారు. ఎయిడ్స్, టీబీ, మలేరియాలపై పోరుకు నిధులిచ్చే అంతర్జాతీయ సంస్థ గ్లోబల్ ఫండ్ కేటాయింపులు కూడా మూడేళ్ల విడతల్లోనే వస్తాయి. అందుకే బడ్జెట్ పట్టికలో ఒక నిలువు వరుస అదనంగా గీయండి: ఈ ఖర్చు నాలుగో ఏడు ఎవరు భరిస్తారు? ఆ గడి ఖాళీగా ఉన్న పోస్టుల గురించి ఆరోగ్య శాఖతో మొదటి ఏడాదే మాట్లాడాలి.

సేవలపై రోగుల అభిప్రాయం సేకరించే పనిని రోగుల సంఘాలకే, విడి పద్దు కింద ఇవ్వండి. ఆ డబ్బు కేంద్రం చేతుల మీదుగా పోతే ఫిర్యాదులు బయటికి రావు.