యానాం దగ్గర గోదారి ఒండ్రు ఎటు పోతుందో మనమే కొలిచేద్దాం

గోదారి ఒండ్రంతా తిన్నగా సముద్రంలోకే పోతుందనుకుంటాం కదా, వరదలప్పుడు అది నిజమే, కానీ ఎండాకాలంలో ధవళేశ్వరం బ్యారేజీ గేట్లు దించేశాక కిందకి మంచినీళ్ళు పెద్దగా రావు, అప్పుడు యానాం దగ్గర గౌతమి పాయ పోటుకి పైకి, ఆటుకి కిందకి నడుస్తుంటుంది, బురద కూడా దాంతోనే అటూ ఇటూ. అందుకే ఒక్క బాటిల్ నీళ్ళు పట్టుకొచ్చి "ఇంత మట్టి ఉంది" అనేస్తే లాభం లేదు.

అమావాస్యో పౌర్ణమో దాటాక ఒకట్రెండు రోజుల్లో వెళ్ళండి, పోటు గట్టిగా ఉంటుంది. పోటు నుంచి పోటుకి దాదాపు 12 గంటల 25 నిమిషాలు, కాబట్టి గంటకోసారి చొప్పున 13 గంటలు శాంపిల్ తీయాలి, విసుగొస్తుంది, వంతులేసుకోండి. లైఫ్ జాకెట్లు, ఆ పాయ బాగా తెలిసిన పడవాయన, ఈ రెండూ లేకుండా మాత్రం దిగొద్దు.

ప్రతిసారీ పైన ఒక లీటరు, అడుగున ఒక లీటరు. అడుగుదానికి బాటిల్‌కి ఇటుక కట్టి, బిరడాకి వేరే తాడు కట్టి దింపండి, నేలకి ఓ అడుగు పైన ఆపి బిరడా లాగితే బుడగలొస్తాయి, అవి ఆగాక పైకి లాగేయడమే. ఇటుక నేలకి తగిలిందా, ఆ బురద లేచి మీ లెక్కంతా పాడు, మళ్ళీ తీయాల్సిందే. తేలే కొబ్బరికాయ ఒకటి వదిలి పది మీటర్లకి ఎన్ని సెకన్లు పట్టిందో, ఎటు పోయిందో రాసుకోండి. ఉప్పుకి ఆర్వో నీళ్ళు చూసే టీడీఎస్ పెన్ను పనికిరాదు, దాని స్కేలు అంత దూరం పోదు, రొయ్యల చెరువుల వాళ్ళ దగ్గరుండే, నీళ్ళలో ఉప్పెంతుందో చూపించే రిఫ్రాక్టోమీటర్ అడిగి తెచ్చుకోండి.

ఉప్పెందుకంటే అసలు కథంతా అక్కడే ఉంది. ఒకే బురద రెండు గాజు సీసాల్లో వేసి, ఒకదాంట్లో మంచినీళ్ళు, ఇంకోదాంట్లో ఉప్పునీళ్ళు పోసి బాగా ఊపి పెట్టండి. మంచినీళ్ళది మర్నాటికీ టీలాగే ఉండొచ్చు, ఉప్పుదాంట్లో కాసేపటికే చిన్న చిన్న తునకలు కట్టి కిందకి దిగడం కనిపిస్తుంది. బంకమట్టి రేణువులు 0.002 మి.మీ. కన్నా చిన్నవి, ఒకే రకం కరెంటు చార్జి వల్ల ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, ఉప్పు ఆ నెట్టుడు తగ్గించేసరికి అతుక్కుని బరువెక్కుతాయి. పైగా బరువైన ఉప్పునీళ్ళు అడుగునే ఎగువకి పాకుతుంటాయి, దిగిన బురదని అవే వెనక్కి తోస్తాయి, అందుకే ఉప్పు ఆగేచోట నీళ్ళు మరీ చిక్కగా ఉండేది.

ఇంటికొచ్చాక ముందే తూచిపెట్టుకున్న ఫిల్టర్ పేపర్‌లో వడకట్టండి, 0.45 మైక్రాన్ల రంధ్రాలున్నది అయితే మంచిది, మామూలు పేపర్‌లోంచి సన్న మట్టి జారిపోతుంది. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో పేపర్ కడగాలి, ఇది మర్చిపోతే మీరు తూచేదాంట్లో ఉప్పు కూడా కలిసిపోతుంది, లీటరు సముద్రపు నీళ్ళలో 35 గ్రాముల దాకా ఉంటుంది మరి. ఆరబెట్టి కాలేజీ ల్యాబ్‌లో మిల్లీగ్రాముల త్రాసు మీద తూయండి.

లీటరుకి 0.2 గ్రాములుండి నీళ్ళు సెకనుకి అర మీటరు నడుస్తుంటే, చదరపు మీటరులోంచి సెకనుకి 100 గ్రాముల మట్టి పోతున్నట్టు. నీళ్ళు ఎగువకి నడిచినప్పటివి ప్లస్, సముద్రం వైపు నడిచినప్పటివి మైనస్ వేసి మొత్తం కూడండి. కొబ్బరికాయ చెప్పేది పైనీళ్ళ స్పీడే, అడుగున తక్కువ ఉంటుంది, ఒక్కోసారి దిక్కు కూడా వేరే, అందుకని అడుగు లెక్క ఉజ్జాయింపుగానే తీసుకోండి. వరదల టైంలో ఇదే చోట మళ్ళీ చేస్తే పోటు సమయంలో కూడా మైనస్సే రావొచ్చు, కంగారుపడి కొట్టేయకండి.