కొత్త కార్డు పెట్టగానే నెట్ పోయిందా? లినక్స్‌లో ఇంటర్‌ఫేస్ పేరు మారకుండా ఇలా కట్టేయండి

లినక్స్ సర్వర్‌లో గ్రాఫిక్స్ కార్డో ఎన్‌వీఎంఈ డ్రైవో కొత్తగా బిగించి ఆన్ చేశాక నెట్‌వర్క్ రాకపోతే కేబుల్ పీకి మళ్లీ పెట్టే పని తర్వాత చూసుకోవచ్చు, ముందు మానిటర్ తగిలించి 'ఐపీ లింక్' కమాండ్ కొట్టండి. నిన్నటిదాకా ఈఎన్‌పీ3ఎస్0 అని ఉన్న నెట్‌వర్క్ కార్డు పేరు (ఇంటర్‌ఫేస్ పేరంటే ఇదే) ఇవాళ ఈఎన్‌పీ4ఎస్0 అయిందా? అదే సంగతి. సెట్టింగులన్నీ పాత పేరు మీద ఉన్నాయి, ఆ పేరుతో ఇప్పుడక్కడ ఎవరూ లేరు.

లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్ అయితే ఏ నెట్‌వర్క్ కార్డు ముందు దొరికితే దానికి ఈథ్0, తర్వాతిదానికి ఈథ్1 అని ఇచ్చుకుంటూ పోతుంది. రెండు కార్డులున్న ఫైర్‌వాల్‌లో రీబూట్ తర్వాత ఈ వరస తారుమారైతే లోపలి వైపు బయటి వైపు అయిపోతుంది, ఇక టెన్షనే. అందుకే 2013లో వచ్చిన సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులు మొదలుపెట్టి నడిపేది) 197 వెర్షన్ నుంచి, కార్డు కూర్చున్న చోటును బట్టి యూదేవ్ (అందులో పరికరాల సంగతి చూసే భాగం) పేరు మారుస్తోంది. ఈఎన్ అంటే ఈథర్నెట్, డబ్ల్యూఎల్ అంటే వైఫై. తర్వాత ఓ ఉంటే మదర్‌బోర్డు మీది పోర్టు, ఎస్ ఉంటే హాట్‌ప్లగ్ స్లాట్, పీ ఉంటే పీసీఐ బస్ (కార్డులు మదర్‌బోర్డుకి కలిసే దారి) నంబరు. తంటా అంతా ఈ పీతోనే, ఎందుకంటే మధ్యలో కొత్త పరికరం చేరితే బస్ నంబర్లు జరగొచ్చు.

మందు ఏమిటంటే, పేరును చోటుకి కాకుండా మ్యాక్ అడ్రస్‌కి (కార్డుకి తయారీలోనే ఇచ్చే నంబరు) కట్టడం. ఈటీసీ కింద సిస్టమ్‌డీలో నెట్‌వర్క్ డైరెక్టరీకి వెళ్లి, 10తో మొదలై డాట్ లింక్‌తో ముగిసే ఫైల్ ఒకటి పెట్టండి. పేరు వరసలో ముందున్న ఫైలే చెల్లుతుంది, డిఫాల్ట్‌ది 99 కాబట్టి మనది ముందుండాలి. మ్యాచ్ సెక్షన్‌లో 'పర్మనెంట్ మ్యాక్ అడ్రస్', లింక్ సెక్షన్‌లో 'నేమ్' రాయండి. వట్టి మ్యాక్ అడ్రస్ అని రాస్తే అదే మ్యాక్ వాడుకునే వీల్యాన్‌లు, బ్రిడ్జిలు లాంటి వర్చువల్ ఇంటర్‌ఫేస్‌లు కూడా తగులుకుంటాయి. పేరు ల్యాన్0, వ్యాన్0 లాంటిది పెట్టండి, 15 అక్షరాలు దాటకూడదు. ఈథ్0 మాత్రం వద్దు, కెర్నల్ అదే పేరు వేరేదానికి ఇస్తే గొడవే.

నెట్‌ప్లాన్‌లోనో (ఉబుంటులో నెట్‌వర్క్ సెట్టింగులుండే చోటు) ఇంకెక్కడో ఉన్న పాత పేరు కూడా మార్చి, డెబియన్, ఉబుంటుల్లో ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో వాడే చిన్న ఫైల్ సిస్టమ్) అప్‌డేట్ చేసి రీబూట్ కొట్టండి. సర్వర్ దూరంగా ఉంటే కన్సోల్ యాక్సెస్ (నెట్ పోయినా సర్వర్ స్క్రీన్ చూసే దారి) చేతిలో లేకుండా ఈ పని మొదలుపెట్టకండి.

బూట్ లైన్‌లో నెట్ డాట్ ఇఫ్‌నేమ్స్ సున్నా చేస్తే పాత ఈథ్0 తిరిగొస్తుంది కానీ, అది వాడదగ్గది ఒకే కార్డున్న వర్చువల్ మెషీన్ల వరకే.