ఖరీదైన స్కూబా రెగ్యులేటర్ కొన్నా ఇబ్బంది పెడుతోందా? లక్షణం చూసి కారణం పట్టుకోండి

స్కూబా రెగ్యులేటర్ (నీటి అడుగున సిలిండర్‌లోని గాలిని ఊపిరికి అందించే పరికరం) ఎంత ఖరీదైనదైనా పని జరిగేది రెండు దశల్లోనే. సిలిండర్‌లో 200 బార్ (బార్ అంటే పీడనపు కొలత) దాకా ఉన్న గాలిని ఫస్ట్ స్టేజ్ మధ్య పీడనానికి దించుతుంది. ఇది చుట్టూ ఉన్న నీటి పీడనం కంటే సుమారు 9-10 బార్ ఎక్కువ. సెకండ్ స్టేజ్ ఆ గాలిని మీరున్న లోతుకు సరిపడే పీడనానికి తెచ్చి నోటికి అందిస్తుంది. టైటానియం బాడీ, సీల్ చేసిన గదులు, సర్దుకునే నాబ్‌లు ధరను పెంచుతాయి. కానీ చెడిపోయేవి చాలావరకు లోపలి మెత్తటి భాగాలే: సీటు (గాలి రంధ్రాన్ని మూసే మెత్తటి దిమ్మ), ఓ-రింగ్ (గాలి కారకుండా ఆపే రబ్బరు రింగు), డయాఫ్రం (పీడనానికి కదిలే పల్చటి పొర). వాటితోపాటు ఫిల్టర్ పూడుకుపోతుంది. తక్కువ ధరవాటిలోనూ ఎక్కువ ధరవాటిలోనూ ఇవి అరుగుతాయి. కాబట్టి ఇంకా ఖరీదైనది కొనాలనుకునే ముందు, ఉన్నదానికి వచ్చిన జబ్బేమిటో తేల్చుకోండి.

ఒక్క జాగ్రత్త. కింద చెప్పిన పరీక్షలు ఎవరైనా చేసుకోవచ్చు. ఫస్ట్ స్టేజ్ విప్పడం మాత్రం ఆ మోడల్ మీద శిక్షణ పొందిన టెక్నీషియన్ పని. నీళ్లలో మీ ప్రాణం నిలిచేది దీనిమీదే.

సెకండ్ స్టేజ్ నుంచి గాలి ఆగకుండా వస్తోంది

ముందు ఎప్పుడు మొదలైందో చూడండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

నీళ్లలో పడగానే మొదలైతే చాలాసార్లు అది లోపం కాదు. మౌత్‌పీస్ పైకి తిరిగి ఉంటే డయాఫ్రం దానికంటే లోతులో పడుతుంది. అక్కడి నీటి పీడనం డయాఫ్రాన్ని లోపలికి నొక్కి వాల్వ్ తెరుస్తుంది. మౌత్‌పీస్ కిందికి తిప్పితే ఆగిపోతుంది. పక్కన వెంచురీ లివర్ (గాలి ప్రవాహాన్ని సర్దే మీట) ఉంటే, నోట్లో పెట్టుకునే దాకా దాన్ని ప్రీ-డైవ్ వైపే ఉంచండి.

సిలిండర్ తెరిచాక కాసేపు నిశ్శబ్దంగా ఉండి, తర్వాత "స్స్" అని మొదలై, పర్జ్ బటన్ (చేత్తో నొక్కి గాలి వదిలేది) నొక్కితే ఆగి, మళ్లీ మొదలవుతోందా? అయితే సెకండ్ స్టేజ్‌ను అనుమానించకండి. ఫస్ట్ స్టేజ్‌లోని హై ప్రెషర్ సీటు అరిగి ఉంటుంది. అది పూర్తిగా మూయకపోవడంతో మధ్య పీడనం మెల్లగా పెరుగుతూ పోతుంది. ఒక హద్దు దాటాక సెకండ్ స్టేజ్ ఆపలేక వదిలేస్తుంది. దీన్ని తేల్చడానికి బీసీడీ (నీళ్లలో తేలడాన్ని సర్దుకునే గాలి జాకెట్) ఇన్‌ఫ్లేటర్ హోస్‌కు తగిలించి మధ్య పీడనం చూసే చిన్న గేజ్ చాలు. గాలి తెరిచి నాలుగైదుసార్లు పర్జ్ నొక్కి వదలండి. సూది కిందికి దిగి, వెంటనే పైకొచ్చి ఒకచోట నిలబడాలి. నిలబడకుండా నిమిషాల తరబడి పైకి పాకుతుంటే సీటు మార్చాల్సిందే. ఆ రెగ్యులేటర్‌తో ఆ రోజు నీళ్లలోకి దిగొద్దు.

సూది కదలకుండా ఉన్నా గాలి వస్తుంటే తప్పు సెకండ్ స్టేజ్‌ది. స్ప్రింగ్ మరీ వదులుగా సెట్ చేసి ఉండొచ్చు. లేదంటే సీటు మీద గాడి పడి ఉంటుంది. వాడకుండా పక్కన పెట్టిన నెలల్లో కూడా, ఆరిఫిస్ (గాలి వచ్చే చిన్న రంధ్రం) అంచు ఆ మెత్తటి సీటును నొక్కుతూనే ఉంటుంది, గాడి అలాగే పడుతుంది. నాబ్ ఉన్న మోడల్ అయితే దాచేటప్పుడు నాబ్‌ను బయటికి తిప్పి పెట్టండి, ఒత్తిడి తగ్గుతుంది. ఖరీదైన డిజైన్ నిజంగా పనికొచ్చే చోటు ఇదొకటి. అటామిక్ అక్వాటిక్స్ సెకండ్ స్టేజ్‌లో పీడనం లేనప్పుడు ఆరిఫిస్ తనంతట తానే సీటు నుంచి వెనక్కి జరుగుతుంది. ఆ కంపెనీ రెండేళ్లు లేదా 300 డైవ్‌ల సర్వీస్ గడువు ఇస్తుంది. చాలా రెగ్యులేటర్లకు ఏడాదికోసారి అంటారు కదా, ఆ తేడా విలువైనదే.

చల్లటి నీళ్లలో మాత్రమే గాలి ఎగదన్నుతోంది

పీడనం ఒక్కసారిగా పడిపోతే గాలి విపరీతంగా చల్లబడుతుంది. లోపల తేమ ఉన్నా, బయటి నీరు స్ప్రింగ్‌ను తాకుతున్నా మంచు కట్టి వాల్వ్ తెరిచినచోటే ఇరుక్కుంటుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 250 ప్రకారం 10 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువుంటే అది చల్లటి నీరే. ఆ అర్హత కోసం 4 డిగ్రీల నీటిలో పరీక్షిస్తారు. అలాంటి నీళ్లలో దిగేవారు స్ప్రింగ్ గదిని సీల్ చేసిన ఫస్ట్ స్టేజ్ కొనాలి. ఇక్కడ డబ్బు మిగుల్చుకోవద్దని గట్టిగా చెబుతాను. సెకండ్ స్టేజ్‌లోనూ ప్లాస్టిక్ కంటే లోహం మేలు. చుట్టూ ఉన్న నీటి వేడిని అది వాల్వ్ దాకా చేరుస్తుంది.

అలవాట్లూ ముఖ్యమే. నీటిలో మునగకముందే పీల్చి చూడటం, పర్జ్ నొక్కడం మానండి. బీసీడీలోకి గాలి కొద్దికొద్దిగా వదలండి, అదే క్షణంలో పీల్చకండి.

ఊపిరి బరువుగా ఉంది

మొదట ప్రెషర్ గేజ్ చూస్తూ గట్టిగా పీల్చండి. పీల్చినప్పుడల్లా సూది కిందికి ఊగుతుంటే గాలి దారి ఇరుకైందని అర్థం. సిలిండర్ వాల్వ్ పూర్తిగా తెరవలేదేమో చూడండి. తెరిచే ఉంటే ఫస్ట్ స్టేజ్ ముఖద్వారంలోని ఫిల్టర్ మీద టార్చ్ వేయండి. ఆకుపచ్చగా ఉంటే ఉప్పునీరు లోపలికి పోయింది, తుప్పురంగు ఉంటే స్టీల్ సిలిండర్ లోపల తుప్పుపట్టింది. రెండో సందర్భంలో ఫిల్టర్ మార్చి ఊరుకుంటే సరిపోదు, సిలిండర్‌ను కూడా తనిఖీ చేయించాలి.

సిలిండర్ 50 బార్‌కు వచ్చాకే బరువెక్కుతోందా? మీది అన్‌బ్యాలెన్స్‌డ్ పిస్టన్ ఫస్ట్ స్టేజ్ అయ్యుంటుంది. సిలిండర్ ఖాళీ అయ్యేకొద్దీ దాని మధ్య పీడనం పడిపోతుంది. అది లోపం కాదు, ఆ డిజైన్ తీరే అంత. బ్యాలెన్స్‌డ్ రకంలో ఈ ఇబ్బంది ఉండదు.

లోతులోనే అయితే లెక్క వేరు. 40 మీటర్ల దగ్గర గాలి సాంద్రత పైనున్నదానికి 5 రెట్లు. మంచి సెకండ్ స్టేజ్ తన విలువ చూపించేది అక్కడే. అయితే ఈఎన్ 250 పరీక్ష జరిగేది 50 మీటర్ల లోతుకు సరిపడే పీడనంలో, నిమిషానికి 62.5 లీటర్ల శ్వాసతో. ఆ ముద్ర ఉన్న తక్కువ ధర రెగ్యులేటర్ కూడా ఈ పరీక్ష దాటి వచ్చిందే. 12 మీటర్ల వెచ్చటి నీళ్లలో ఖరీదైనదాని తేడా తెలియలేదంటే అనుమానపడాల్సిన పని లేదు.

నోట్లోకి నీళ్లు వస్తున్నాయి

మౌత్‌పీస్ కొరికిన చోట చిరిగిందేమో, కట్టిన టై వదులైందేమో చూడండి. తర్వాత గాలి మూసి, హోస్‌లోని పీడనం వదిలేసి, ఫస్ట్ స్టేజ్ ముఖద్వారానికి డస్ట్ క్యాప్ (మూత) బిగించి మౌత్‌పీస్‌ను పీల్చండి. గాలి అసలు రాకూడదు. వస్తే ఎగ్జాస్ట్ వాల్వ్ (వదిలిన ఊపిరి బయటికి పోయే వాల్వ్) కింద ఇసుక రేణువో వెంట్రుకో ఉంటుంది, లేదా డయాఫ్రం చిరిగి ఉంటుంది. మంచినీళ్లలో ఆడించి కడిగితే మొదటిది పోతుంది. కడిగేటప్పుడు పర్జ్ మాత్రం నొక్కకండి, నీళ్లు హోస్‌లోకి ఎక్కుతాయి.

చిన్న బుడగలు

సిలిండర్ దగ్గరైతే ఓ-రింగ్ మార్చండి. గేజ్ తిరిగే చోటైతే స్పూల్ (గేజ్‌ను హోస్‌కు కలిపే బుల్లి గొట్టం) మీది బుల్లి ఓ-రింగ్‌లు. రెండూ చవకే.

ధర చూసి తేల్చుకోలేకపోతున్నారా

టైటానియం తేలిక, సముద్రపు నీటికి తుప్పు పట్టదు. విమానాల్లో తిరిగే డైవర్‌కు ఆ బరువు తగ్గడం పెద్ద ఊరట. కానీ 40 శాతం మించిన ఆక్సిజన్‌తో టైటానియం ఫస్ట్ స్టేజ్ వాడకూడదు, నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. డీకంప్రెషన్ (పైకొచ్చేటప్పుడు ఒంట్లో చేరిన వాయువును మెల్లగా వదిలించుకోవడం) కోసం గాఢమైన ఆక్సిజన్ వాడేవారికి క్రోమ్ పూసిన ఇత్తడిదే సరైనది. అది కూడా ఆక్సిజన్ వాడకానికి తగ్గట్టు శుభ్రం చేయించినదై ఉండాలి. ఏది కొన్నా ముందే మూడు అడగండి: సర్వీస్ కిట్ ధర ఎంత, గడువు ఎంత, మీరుండే చోట ఆ మోడల్‌ను విప్పి బిగించే టెక్నీషియన్ ఎవరు. మూడోదానికి జవాబు దొరక్కపోతే, ఎంత మంచి రెగ్యులేటర్ అయినా అక్కడే వదిలేసి, దగ్గర్లో సర్వీస్ దొరికే మోడల్ వైపు వెళ్లండి.