పాత కారుకి వేరే ఇంజిన్ ఎక్కించడం: రెండుసార్లు చేశాక తెలిసినవి

నా చిన్న కారుకి నేను రెండుసార్లు ఇంజిన్ మార్చాను. రెండోసారి అవసరమే రాకూడదు. మొదటి ఇంజిన్ వేడెక్కి సీజ్ అయితే (లోపల బిగుసుకుపోయి తిరగకపోతే), ఇంకో కారులోంచి తీసిన ఇంజిన్ తెచ్చి మా తమ్ముడూ నేనూ నాలుగు సెలవు రోజులు కష్టపడి ఎక్కించాం. ఖాళీ రోడ్డు మీద చక్కగా నడిచింది. మూడు వారాల తర్వాత ట్రాఫిక్‌లో ఆగి ఉండగా టెంపరేచర్ ముల్లు పైకి పోయింది. నేను గమనించేసరికే ఆలస్యమైంది. రేడియేటర్ ఫ్యాన్‌ని ఆన్ చేసే చిన్న స్విచ్ పని చేయడం లేదు. బండి పరుగెడుతుంటే ఎదురుగాలికి రేడియేటర్ చల్లబడుతుంది కాబట్టి ఆ లోపం అన్నాళ్లూ బయటపడలేదు. మొదటి ఇంజిన్‌ని చంపింది కూడా ఆ స్విచ్చే. ఇంజిన్ మార్చినా దాన్ని పాడు చేసిన కారణం కారులోనే ఉండిపోతుంది. మీకు ఆ నష్టం రాకూడదనే ఇది రాస్తున్నాను.

ముందు, నిజంగా ఇంజిన్ మొత్తం పోయిందో లేదో తేల్చుకోండి. ఇంజిన్ సీజ్ కాకుండా స్టార్టర్‌తో తిరిగే స్థితిలో ఉంటే, దాన్ని ఆపి ఉంచి స్పార్క్ ప్లగ్గులన్నీ తీసి, ఇంధనం రాకుండా ఆపి, ఒక్కో సిలిండర్‌కి కంప్రెషన్ గేజ్ (లోపలి ఒత్తిడి కొలిచే మీటర్) పెట్టి స్టార్టర్ తిప్పి చూడండి. చాలా పెట్రోల్ ఇంజిన్లలో ఆ ఒత్తిడి 10 నుంచి 14 బార్ల మధ్య ఉంటుంది. మీ ఇంజిన్‌కి ఎంత ఉండాలో సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లలో మాత్రమే తక్కువ వస్తే ఆ రెండింటి మధ్య హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కీ దాని పైభాగమైన హెడ్‌కీ మధ్య ఉండే సీల్) పోయి ఉండొచ్చు. అప్పుడు హెడ్ విప్పి బాగుచేస్తే సరిపోతుంది. ఒక్క సిలిండర్‌లోనే తక్కువ వస్తే ప్లగ్ రంధ్రంలోంచి చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. రీడింగ్ పెరిగితే పిస్టన్ రింగులు అరిగినట్టు, పెరగకపోతే వాల్వులనో గ్యాస్కెట్‌నో అనుమానించాలి. లోపలి నుంచి దడదడమని లోడ్‌తో పెరిగే శబ్దం, వడకట్టిన ఆయిల్‌లో మెరిసే లోహపు రజను కనిపిస్తే కనెక్టింగ్ రాడ్ బేరింగులు పోయినట్టే. అక్కడ ఇంజిన్ మార్చడం అర్థవంతం. బాడీ అడుగున తుప్పు పట్టి, గేర్ బాక్స్ కూడా మూలుగుతుంటే మాత్రం ఆ కారు మీద ఇంత కష్టం పెట్టకండి.

కారణం వెతకడానికి తొందరపడకుండా ఒక పూట కేటాయించండి. వేడెక్కి పోయిందా? అయితే రేడియేటర్, థర్మోస్టాట్, వాటర్ పంప్, ఫ్యాన్, దాని రిలే, స్విచ్ లేదా సెన్సర్ అన్నీ చూడాలి. బేరింగులు పోయాయా? ఆయిల్ తగ్గిందా, లేక సంపులో (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో) ఆయిల్ వడకట్టే జాలీ మూసుకుపోయిందా చూడండి. ఆయిల్ కూలర్ ఉన్న కారైతే పాతది కొత్త ఇంజిన్‌కి పెట్టకండి, ఎంత కడిగినా దానిలో రజను మిగులుతుంది. టైమింగ్ బెల్ట్ తెగి వాల్వులు వంగాయా? టెన్షనరో వాటర్ పంపో బిగుసుకుపోయి బెల్ట్‌ని కోసిందేమో చూడండి.

ఇంజిన్ కొనేటప్పుడు మోడల్ పేరు చూసి సరిపెట్టుకోవద్దు. ఒకే మోడల్‌లో వేరే వేరే ఇంజిన్లు వస్తాయి. బ్లాక్ మీద కొట్టిన ఇంజిన్ కోడ్ మీ పాతదానితో కలవాలి. సెన్సర్లు, ఇన్‌టేక్ మానిఫోల్డ్ తేడాగా ఉంటే మీ పాత ఇంజిన్‌వి విప్పి దానికి బిగించుకోవచ్చు. ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) మాత్రం మీ కారుదే ఉంచండి. తాళంచెవిని గుర్తుపట్టే ఇమ్మొబిలైజర్ సాధారణంగా దానితోనే ముడిపడి ఉంటుంది. కొనే ముందు ప్లగ్గులు తీయించి, క్రాంక్ పుల్లీ బోల్టుకి పొడవాటి పాన వేసి రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడా అడ్డుపడకుండా తిరగాలి. ఆయిల్ మూత లోపల నల్లని జిడ్డు గడ్డలు ఉన్నా, మజ్జిగలాంటి తెల్లని పేస్ట్ మందంగా ఉన్నా వదిలేయండి. రెండో ఇంజిన్ కోసం నేను ముందు చూసిన రెండింటిని ఈ రెండు పరీక్షలతోనే తిప్పి పంపాను.

ఇంజిన్ బయట ఉన్నప్పుడే మార్చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. టైమింగ్ బెల్ట్, టెన్షనర్, వాటర్ పంప్, థర్మోస్టాట్, ప్లగ్గులు, ముందు వెనక క్రాంక్ ఆయిల్ సీల్స్, క్లచ్ ప్లేట్, రిలీజ్ బేరింగ్. వెనక ఆయిల్ సీల్ చిన్న రబ్బరు రింగే, కానీ తర్వాత అది కారితే గేర్ బాక్స్ మళ్లీ దించాల్సిందే.

ఇక దించడం. బానెట్ విప్పి పక్కన పెట్టండి. బ్యాటరీ నెగటివ్ ముందు తీయండి. ఇంజిన్ సీజ్ అయి ఉంటే స్టార్ట్ చేసి ఇంధన ఒత్తిడి తగ్గించడం కుదరదు. అందుకే ఫ్యూయల్ పైపు జాయింటుకి మందపాటి గుడ్డ చుట్టి మెల్లగా వదులు చేయండి, దగ్గర్లో నిప్పు, వేలాడే బల్బు ఉండకూడదు. కూలెంట్ పట్టుకున్న పాత్ర మూసి ఉంచండి. అది తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ తాగి చనిపోతాయి. ఏసీ పైపులు విప్పకండి. కంప్రెసర్‌ని పైపులతో సహా బోల్టులు తీసి, వైరుతో పక్కకి కట్టేస్తే గ్యాస్ పోదు. పవర్ స్టీరింగ్ పంప్ కూడా అంతే.

ప్రతి కప్లర్ (వైర్లని కలిపే ప్లగ్), ప్రతి హోస్ విప్పే ముందు ఫోటో తీసి, రెండు వైపులా ఒకే నంబర్ రాసిన టేపు అంటించండి. బోల్టులు ఎక్కడివక్కడ వేరు వేరు కవర్లలో వేసి పేరు రాయండి. నేను మొదటిసారి అన్నీ ఒకే డబ్బాలో వేసి, బిగించేటప్పుడు ఏది ఎక్కడిదో తేల్చుకోవడానికే ఒక పూట పోగొట్టుకున్నాను. పొడవులో కొద్ది తేడా ఉన్న బోల్టు తప్పు రంధ్రంలో పడితే అల్యూమినియం కేసింగ్ పగలొచ్చు.

డ్రైవ్ షాఫ్టులు, సైలెన్సర్ పైపు, గేర్ లింకేజ్, ఎర్త్ వైర్లు ఊడాక క్రేన్ గొలుసు బిగించి, బరువు దాని మీదకి వచ్చిన తర్వాతే ఇంజిన్‌ని బాడీకి పట్టి ఉంచే మౌంటింగ్ బోల్టులు తీయండి. ఏ క్షణంలోనూ వేలాడే ఇంజిన్ కింద చెయ్యి గానీ కాలు గానీ పెట్టొద్దు. కారు కిందికి వెళ్లాలంటే జాకీ ఒక్కటే నమ్మకండి, స్టాండులు పెట్టండి. ఇంజిన్ నెమ్మదిగా పైకి లేస్తుంటే ఒకరు క్రేన్ చూడాలి, ఇంకొకరు ఏదైనా వైరు మర్చిపోయామా అని చుట్టూ చూస్తుండాలి.

ఎక్కించేటప్పుడు నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఇంజిన్‌నీ గేర్ బాక్స్‌నీ కలపడం. రెండూ సరిగ్గా ఎదురెదురుగా కూర్చునేలా చేసే డోవెల్ పిన్నులు చోటున ఉన్నాయో లేదో చూడండి. క్లచ్ ప్లేట్‌ని సెంటరింగ్ టూల్‌తో మధ్యకి తెచ్చాకే ప్రెషర్ ప్లేట్ బిగించండి. రెండు భాగాలూ చేత్తో నెడితే దాదాపు పూర్తిగా కలిసిపోవాలి. సందు మిగిలితే బోల్టులతో లాగి కలపకండి, ఏదో అడ్డుందని అర్థం. ఆటోమేటిక్ కారులో ఇది మరీ ముఖ్యం. టార్క్ కన్వర్టర్‌ని (ఆటోమేటిక్‌లో క్లచ్ బదులు ఉండే భాగాన్ని) తిప్పుతూ నెడితే మెట్లు మెట్లుగా లోపలికి దిగుతుంది. పూర్తిగా దిగకుండా బోల్టులు బిగిస్తే గేర్ బాక్స్‌లోని ఆయిల్ పంప్ విరుగుతుంది. క్లచ్ ఎక్కించకముందే ఫ్లైవీల్ (క్లచ్ కూర్చునే బరువైన చక్రం) బోల్టులు కొత్తవి వాడి, మాన్యువల్‌లో చెప్పిన క్రమంలో టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువుగా బిగించామో చూపే పానాతో) బిగించండి.

మొదటి స్టార్ట్‌కి ముందు ఆయిల్, కూలెంట్, గేర్ ఆయిల్ నింపారా చూసుకోండి. ఫ్యూయల్ పంప్ ఫ్యూజ్ తీసి, ఇగ్నిషన్ కాయిల్ కప్లర్లు ఊడదీసి, ఆయిల్ లైట్ ఆరేదాకా కొద్దికొద్దిగా స్టార్టర్ తిప్పండి. ఆయిల్ పైకి చేరాకే స్టార్ట్ చేయాలి. తర్వాత హీటర్ పూర్తి వేడి మీద పెట్టి, కూలెంట్‌లోని గాలి బయటికి పోనివ్వండి.

ఏసీ ఆపేసి, కారు కదపకుండా ఐడిల్‌లో ఉంచి, ఫ్యాన్ తనంతట తాను ఆన్ అయి, ఆగి, మళ్లీ ఆన్ అయ్యేదాకా నిలబడి చూడండి. రెండోసారి నేను ముల్లు మీద నుంచి చూపు తిప్పకుండా అలాగే నిలబడ్డాను. ముల్లు మధ్యకి వచ్చి ఆగింది, ఫ్యాన్ తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. ఫ్యాన్ రాకుండా ముల్లు మధ్య దాటితే వెంటనే ఇంజిన్ ఆపేయండి.

మొదటి వారం రోజూ ఉదయం ఆయిల్, కూలెంట్ మట్టం చూడండి. 500 నుంచి 1000 కిలోమీటర్ల మధ్య ఆయిల్, ఫిల్టర్ మార్చి, పాత ఆయిల్‌ని శుభ్రమైన గుడ్డలో వడకట్టి రజను ఉందేమో చూసుకోండి. మౌంటింగ్ బోల్టుల బిగువు కూడా అప్పుడే ఇంకోసారి చూడండి. బండి కాగితాల్లో ఇంజిన్ నంబర్ ఉండే చోటయితే కొత్త నంబర్ ఎక్కించుకోండి, ఇంజిన్ కొన్న రసీదు దానికి కావాల్సి వస్తుంది.