రోప్‌వే వాలుకూ, కాస్త కొండెక్కడానికీ ఒకే జత: స్కీ బూట్లు ఎలా ఎంచుకోవాలి?

పోయిన చలికాలం మా అక్క కొడుకు గుల్మార్గ్‌లో రెండు వారాలు స్కీయింగ్ నేర్చుకుని వచ్చాడు. దసరాకు హనుమకొండ వచ్చినప్పుడు సాక్సు తీసి చూపిస్తే చీలమండ దగ్గర పుండు మానిన మచ్చ ఇంకా ఉంది. "కిరాయి బూట్లతోని సచ్చిపోయిన మామా. ఈసారి సొంతంగ ఒక జత కొనుక్కుంట. గండోలా దిగినంక ఇంకింత పైకి నడిచిపోవాలన్నా గవే పనికిరావాలె" అన్నాడు.

డెన్వర్‌లో ఆరేళ్లు ఉద్యోగం చేసి వచ్చినవాణ్ని కాబట్టి మా చుట్టాల్లో ఈ ప్రశ్న నాకే వస్తుంది. పైగా మొదటి జత తప్పుగా కొని రెండు బొటనవేళ్ల గోళ్లు నల్లబడ్డ అనుభవమూ ఉంది. ఆ సాయంత్రం వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

1. ఎక్కేదెంత, దిగేదెంత? ముందు అది తేల్చుకోండి

స్కీ బూట్లు స్థూలంగా మూడు రకాలు. రిసార్టులో లిఫ్టు ఎక్కి జారేవాళ్లకు ఆల్పైన్ బూట్లు: గట్టివి, బరువైనవి, జత 4 కిలోల చుట్టూ ఉంటుంది. సొంత కాళ్లతో కొండెక్కేవాళ్లకు టూరింగ్ బూట్లు: జత రెండు, రెండున్నర కిలోలే. ఈ రెంటి నడుమ హైబ్రిడ్ బూట్లు: మూడు, మూడున్నర కిలోలు. వెనక ఒక మీట ఉంటుంది. దాన్ని విప్పితే చీలమండ ముందుకూ వెనక్కూ ఆడుతుంది, బిగిస్తే ఆల్పైన్ బూటులా నిలబడుతుంది.

గుల్మార్గ్ సుమారు 2,650 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి రోప్‌వే, అదే గండోలా, రెండో దశలో అఫర్వత్ కొండ మీద దాదాపు 4,000 మీటర్ల దాకా చేరుస్తుంది. అక్కడి నుంచి స్కీల అడుగున స్కిన్లు (ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా పట్టే పట్టీలు) అంటించుకుని గంటో, గంటన్నరో ఎక్కి దిగేవాళ్లకు హైబ్రిడ్ సరిపోతుంది. రోజులో రెండు గంటలకన్నా తక్కువ ఎక్కుతారా? అయితే బూటుకు 200 గ్రాములు తగ్గించడం కోసం తపించకండి. ఆ రెండు వందల గ్రాములు ఎక్కేటప్పుడు తెలియవు. అదే దిగేటప్పుడు పల్చటి బూటు గరుకు మంచు మీద ఎలా వణుకుతుందో మాత్రం బాగా తెలుస్తుంది.

2. చెప్పుల నంబరు మరిచిపోండి

నేను చేసిన తప్పు ఇదే. షాపులోకి పోయి "తొమ్మిది నంబరు" అన్నాను. 28.5 ఇచ్చారు. వేసుకుంటే మెత్తగా, హాయిగా ఉంది. వాలు మీదికి పోయాక ప్రతి మలుపుకూ మడమ పైకి లేచేది, పాదం ముందుకు జారి వేళ్లు గోడకు కొట్టుకునేవి. బూటు వదులైతే మనకు తెలియకుండానే బకిళ్లు ఇంకా బిగిస్తాం, దాంతో పాదం తిమ్మిరెక్కుతుంది. పెద్ద బూటు పెట్టే బాధ చిన్న బూటు పెట్టేదానికన్నా ఎక్కువ.

స్కీ బూట్ల సైజును మాండోపాయింట్ అంటారు. అదేమీ బ్రహ్మవిద్య కాదు, పాదం పొడవు సెంటీమీటర్లలో, అంతే. సాయంత్రం పూట, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, గోడకు మడమ ఆనించి కాగితం మీద నిలబడండి. బరువంతా ఆ కాలి మీదే వేసి, పొడవాటి వేలి చివర గీత గీయండి. రెండు పాదాలూ కొలవండి, పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోండి. నాది 268 మిల్లీమీటర్లు, అంటే 26.5 వేసుకుని చూడాల్సినవాణ్ని. 28.5 ఎక్కడ, 26.5 ఎక్కడ! ఇంకో సంగతి: చాలా కంపెనీల్లో 26కీ 26.5కీ బయటి డిప్ప ఒక్కటే. అర సైజు పెంచితే మారేది లోపలి సరంజామాయే.

3. రెండు పెన్సిళ్ల పరీక్ష

ఇంకేదీ గుర్తుండకపోయినా ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. బూటులోంచి లోపలి మెత్తటి లైనర్ బయటికి లాగండి. ఖాళీ ప్లాస్టిక్ డిప్పలో, అంటే షెల్‌లో, వట్టి పాదం పెట్టి వేళ్లు ముందు గోడకు తగిలీ తగలనట్టు ఆనించండి. ఇప్పుడు మడమ వెనక ఎంత సందు మిగిలిందో చూడాలి. రెండు మామూలు పెన్సిళ్లు పక్కపక్కన పెడితే సుమారు 15 మిల్లీమీటర్లు. ఆ జంట సందులో దూరి కదలకుండా నిలిస్తే మనలాంటి మిశ్రమ వాడకానికి సరైన షెల్. ఒక్క పెన్సిలే పడితే అది పోటీలకు పోయేవాళ్ల బిగువు. మూడు పెన్సిళ్లు పడితే ఆ బూటును అక్కడే దించేయండి, షాపువాడు ఎంత తగ్గింపు ఇస్తానన్నా సరే.

లైనర్‌తో వేసుకుని "బాగానే ఉంది" అనుకోవడం మోసం. కొత్త లైనర్ నురగ కొన్ని రోజుల వాడకానికే నలిగి పల్చబడుతుంది. ఇవాళ సరిపోయిన బూటు వారానికి వదులవుతుంది. షెల్ మాత్రం అట్లాగే ఉంటుంది.

4. చెప్పుల్లో పెరిగిన పాదాలు

బళ్లో ఉన్నంతకాలం మనలో చాలామందిమి చెప్పులు తప్ప ఎరగం, ఎండాకాలం అవీ లేవు. వేళ్ల దగ్గర పాదం విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది. స్కీ బూటు వెడల్పును వేళ్ల మొదళ్ల దగ్గర కొలిచి, 26.5 సైజుకు 98, 100, 102 మిల్లీమీటర్లని చెబుతారు. 98 ఇరుకు, 102 విశాలం. మా అల్లుడికి 102 తప్ప పట్టలేదు. కానీ వెడల్పు కోసం సైజు పెంచకండి, అది నేను పడ్డ గుంతే. ఒక్కచోట నొక్కితే మంచి ఫిట్టర్ షెల్‌ను వేడిచేసి అక్కడ మాత్రం బయటికి ఉబ్బిస్తాడు. పాదం పైభాగం ఎత్తుగా ఉన్నవాళ్లు అక్కడ నొప్పి వస్తుందేమో ప్రత్యేకంగా చూసుకోవాలి. ఆ ఒత్తిడికి రక్తం ఆడక వేళ్లు చల్లబడతాయి.

సాక్సు ఒక్కటే, పల్చటిది. రెండు జతలు తొడిగితే వెచ్చదనం రాదు, ముడతలు పడి పుండ్లు పడతాయి. మా అల్లుడి మచ్చకు కారణం అదే. థర్మల్ పైజమా అంచును కూడా బూటులోకి దూర్చకూడదు.

5. అరగంట నిలబడండి, మెట్లెక్కండి

బకిళ్లు పెట్టి నిటారుగా నిలబడితే వేళ్లు ముందు తగలాలి. మోకాళ్లు వంచి ముందుకు వాలితే వేళ్లు కాస్త వెనక్కి రావాలి, మడమ గుంతలో కూర్చోవాలి. అరగంట అట్లాగే ఉండండి. ఐదు నిమిషాల్లో తెలియని నొప్పి ఇరవయ్యో నిమిషంలో బయటపడుతుంది.

తర్వాత వెనక మీట విప్పి మెట్లెక్కండి. నా పాత జత తొడిగి అల్లుణ్ని మా అపార్ట్‌మెంట్ నాలుగంతస్తులూ ఎక్కించాను. టకటకమని శబ్దం విని వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి, "ఏమైంది సార్, కాలిరిగిందా?" అని అడిగాడు. ఎక్కేటప్పుడు మడమ లైనర్‌లో పైకీ కిందికీ రాసుకుంటుందా అన్నదే ఇక్కడ చూడాల్సింది. నాలుగంతస్తులకే రాసుకుంటే కొండ మీద గంటకు పొక్కు ఖాయం. మీట విప్పినప్పుడు చీలమండ 50 డిగ్రీలకు పైగా ఆడితే చిన్న నడకలకు ధారాళం.

6. గట్టిదనం అంకెను నమ్మేటప్పుడు జాగ్రత్త

బూటు మీద 90, 100, 110, 120, 130 అని ఉండే అంకె ఫ్లెక్స్. ఎంత పెద్దదైతే అంత గట్టి బూటు. దీనికి అన్ని కంపెనీలకూ ఒకే కొలబద్ద లేదు. ఒకరి 110 ఇంకొకరి 120 కావచ్చు. నడిమి స్థాయి నేర్పు, 70 కిలోల బరువు ఉన్న మగవాళ్లు 100, 110 దగ్గర మొదలుపెట్టొచ్చు. ఆడవాళ్ల బూట్లకు పిక్క దగ్గర ఎత్తు తక్కువ, అంకెలూ కాస్త తక్కువ.

మన దగ్గర ఒక చిక్కుంది. ప్లాస్టిక్ వేడికి మెత్తబడుతుంది, చలికి బిగుస్తుంది. ఏప్రిల్‌లో వరంగల్ ఇంట్లో నిలబడి వంచి చూస్తే 120 కూడా వెన్నలా వంగుతుంది. అదే బూటు మైనస్ 10లో మొండికేస్తుంది. ఏసీ గదిలో చూసి కూడా ఇంకాస్త గట్టిగా ఉంటుందనే లెక్క వేసుకోండి.

7. అడుగు, బైండింగ్: ఇక్కడ పొరపాటుకు మోకాలే మూల్యం

బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపే బైండింగ్. పడినప్పుడు అది బూటును సకాలంలో వదలాలి. బూటు అడుగూ బైండింగూ ఒకదానికొకటి కుదిరితేనే అది జరుగుతుంది. ఒక్కో రకం అడుగుకు ఒక్కో అంతర్జాతీయ ప్రమాణం ఉంది: చదును ప్లాస్టిక్ అడుగుది ఐఎస్‌ఓ 5355. రబ్బరు, కాస్త వంపు ఉన్న గ్రిప్‌వాక్ అడుగుది ఐఎస్‌ఓ 23223. పూర్తి టూరింగ్ అడుగుది ఐఎస్‌ఓ 9523. హైబ్రిడ్ బూట్లు ఎక్కువగా గ్రిప్‌వాక్‌తో వస్తాయి. అద్దె స్కీలకున్న పాత బైండింగ్‌లు 5355కే పనికొస్తాయి. వాటిలో గ్రిప్‌వాక్ బూటు క్లిక్‌మని పడొచ్చు, కానీ పడినప్పుడు వదలకపోవచ్చు. బైండింగ్ మీద గ్రిప్‌వాక్ గుర్తో, ఎంఎన్‌సి (ఒకటికి మించిన ప్రమాణాల అడుగులకు పనికొస్తుందని) అన్న అక్షరాలో ఉన్నాయేమో చూసి, టెక్నీషియన్ చేతే సర్దించుకోండి.

కొండెక్కే పనికి ఇంకొకటి కావాలి: ముందు కొనకు అటూ ఇటూ చిన్న లోహపు గుంతలు, మడమ వెనక లోహపు గాడి. తేలికైన పిన్ బైండింగ్ సూదులు పట్టుకునేది వీటినే. నడక మీట ఉన్న ప్రతి బూటుకూ ఈ గుంతలుండవు. కొనే ముందు వేలు పెట్టి తడిమి చూడండి.

మీట విషయం ఒకటి. నడకలో దాని సందుల్లోకి మంచు దూరి గడ్డకడుతుంది. దిగబోయే ముందు ఆ మంచు గీకేసి, మీట పూర్తిగా పడిందో లేదో చూసుకోవాలి.

8. వరంగల్ నుంచి కొనడం

మన ఊళ్లో చూసి కొనే షాపు లేదు. అమెరికాలో ఉన్న అన్నయ్యకు ఫోన్‌లో సైజు చెప్పి తెప్పించుకోవడం సులువే, కానీ తిప్పి పంపడం కుదరదు. కొండ దగ్గర కిరాయికి దొరికే రెండు, మూడు రకాలు వేసి చూసి, పెన్సిళ్ల పరీక్ష చేసి, షెల్ సైజూ వెడల్పూ రాసుకున్నాకే తెప్పించుకోండి. లైనర్‌ను వేడితో పాదానికి అమర్చే పని షాపులోనే. ఇంట్లో ఓవెన్‌తో ప్రయోగాలు వద్దు.

విమానంలో బూట్లు చేతిసంచిలోనే పెట్టుకోండి. లగేజీ తప్పిపోతే స్కీలు కిరాయికి దొరుకుతాయి, మీ పాదానికి కుదిరిన బూట్లు దొరకవు.

వచ్చాక లైనర్ బయటికి తీసి నీడలో ఆరబెట్టండి. పూర్తిగా ఆరాక లోపల పెట్టి, బకిళ్లు ఆకారం చెడకుండా ఉండేంత వదులుగా తగిలించండి. సజ్జ మీదికి ఎక్కించకండి. మే నెలలో స్లాబు కింద వేడికి లైనర్ ఆకారం పోతుంది. నావి బీరువా అడుగు అరలో ఉంటాయి. మా అమ్మ ఏటా వాటిలో వేపాకు వేస్తుంది, నేను ఏటా చలికాలంలో దులిపి తీస్తాను.