సిగరెట్టు మానేశాక వచ్చే ఇబ్బందులు: లక్షణం, కారణం, పరిష్కారం

విశాఖపట్నం గాజువాకలో ఉంటూ, షిఫ్టుల ఉద్యోగం చేస్తూ, నేను 18 ఏళ్ళు సిగరెట్లు కాల్చాను. మానడానికి మూడుసార్లు పూనుకున్నాను. మొదటిసారి మూడో రోజున, రెండోసారి మూడో వారంలో ఓడిపోయాను. రెండుసార్లూ జరిగిన పొరపాటు ఒకటే: ఒంట్లో కలిగిన మార్పు ఎందుకు కలిగిందో తెలుసుకోకుండా, దానికి సిగరెట్టునే మందుగా వాడాను. మూడోసారి మాత్రం ఒక చిన్న నోటుపుస్తకం జేబులో పెట్టుకుని, ఏ బాధ ఏ వేళకు వచ్చిందో, అంతకు ముందు ఏం తిన్నానో, ఏం తాగానో, ఎక్కడ ఉన్నానో రాసుకున్నాను. అలా రాసుకున్నాకే తెలిసింది, ఈ ఇబ్బందులన్నీ ఒకే మూలం నుంచి రావని. కొన్ని నికోటిన్ ఆగిపోవడం వల్ల వస్తాయి, అవి త్వరగా పోతాయి. కొన్ని పొగ ఆగిపోవడం వల్ల వస్తాయి, అవి కొన్ని వారాలు ఉంటాయి. మరికొన్ని అలవాటు తెగిపోవడం వల్ల వస్తాయి, వాటికి గడువు మన చేతిలో ఉంటుంది. ఏది ఏ కోవలోకి వస్తుందో తెలిస్తే పరిష్కారం సగం దొరికినట్టే.

ముందుగా: వీటిని మానేయడం వల్ల వచ్చినవని అనుకోకూడదు

ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు నొప్పి రావడం, అది ఎడమ చేతికో దవడకో పాకడం, చల్లటి చెమట పట్టడం, మాట తడబడటం, ముఖం ఒక పక్కకు లాగేయడం, ఒక పక్క చెయ్యి గానీ కాలు గానీ పట్టు తప్పడం, కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం వంటివి కనిపిస్తే ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలి. మన ఊరి ఉక్కపోతలో చెమట అందరికీ పడుతుంది కాబట్టి ఆ ఒక్క లక్షణాన్ని చాలామంది కొట్టిపారేస్తారు. ఒళ్ళు చల్లబడి పట్టే చెమట వేరు, ఎండకు పట్టే చెమట వేరు. ఏళ్ళ తరబడి పొగ తాగిన వారి గుండెకు ముప్పు మానేసిన మర్నాటికే పూర్తిగా తొలగిపోదు కనుక ఈ విషయంలో మొహమాటం పనికిరాదు.

లక్షణం: మొదటి మూడు రోజులు తహతహ, చిరాకు, తలనొప్పి, ఏ పని మీదా మనసు నిలవకపోవడం

కారణం నికోటిన్. రక్తంలో దాని మోతాదు ఇంచుమించు రెండు గంటలకొకసారి సగానికి పడిపోతుంది. ఏళ్ళుగా దానికి అలవాటుపడిన మెదడు అది అందకపోయేసరికి గోల చేస్తుంది. ఈ బాధ చివరి సిగరెట్టు తర్వాత కొద్ది గంటల్లోనే మొదలై, రెండో మూడో రోజుకు తారస్థాయికి చేరి, రెండు నుంచి నాలుగు వారాలలో క్రమంగా సద్దుమణుగుతుంది. నేను మొదటిసారి ఓడిపోయినది సరిగ్గా మూడో రోజున. ఆ రోజే శిఖరమని, మర్నాటి నుంచి దిగుడేనని నాకప్పుడు ఎవరూ చెప్పలేదు.

పరిష్కారానికి రెండు మార్గాలున్నాయి. మొదటిది వాయిదా. సిగరెట్టు కావాలన్న కోరిక కెరటంలా లేస్తుంది, సాధారణంగా ఐదు నుంచి పది నిమిషాలలో విరిగిపోతుంది. ఆ కాసేపు మంచినీళ్ళు గుక్క గుక్కగా తాగడం, ఉన్న చోటు నుంచి లేచి నడవడం, నోట్లో సోంపో ఎండు ఉసిరి ముక్కో వేసుకోవడం సరిపోతుంది. రెండోది నికోటిన్ చూయింగ్ గమ్ లేదా చర్మానికి అంటించే ప్యాచ్. గమ్మును మామూలు బబుల్‌గమ్‌లా గబగబా నమిలితే నికోటిన్ లాలాజలంతో కలిసి కడుపులోకి పోయి ఎక్కిళ్ళు, వికారం పుడతాయి. నాలుగైదుసార్లు నిదానంగా నమిలి, నోరు చురచురలాడగానే బుగ్గకూ చిగురుకూ మధ్య నొక్కి ఉంచి, ఆ చురుకు తగ్గాక మళ్ళీ నమలాలి. కాఫీ, నిమ్మరసం, సోడా వంటివి తాగిన పావుగంట వరకు గమ్ వేసుకోకూడదు, ఎందుకంటే పుల్లదనం ఉన్న నోటిలో నికోటిన్ సరిగా ఇంకదు. పొద్దున్న లేచిన అరగంటలోపే తొలి సిగరెట్టు వెలిగించే వారికి 2 మిల్లీగ్రాముల గమ్ చాలకపోవచ్చు, 4 మిల్లీగ్రాములది కావాలేమో వైద్యుణ్ణి అడగాలి. గుండె జబ్బు ఉన్నవారు, గర్భిణులు వైద్యుణ్ణి అడగకుండా ఇవేవీ వాడకూడదు. ప్యాచ్ వేసుకున్నవారికి రాత్రి వింత కలలు వస్తుంటే పడుకునే ముందు తీసేయవచ్చు.

లక్షణం: నిద్ర పట్టకపోవడం, గుండె దడ, చేతులు వణకడం

రెండోసారి నన్ను ఓడించినది ఇదే. ఇది చాలామందికి తెలియని విషయం కనుక కొంచెం వివరంగా రాస్తాను. సిగరెట్టు మానితే నరాలు బలహీనపడ్డాయని, అందుకే చేతులు వణుకుతున్నాయని నేను అనుకున్నాను. నిజానికి ఆ రోజుల్లో నా తప్పంతా టీ గ్లాసులోనే ఉంది. పొగాకు పొగలోని తారు రసాయనాలు కాలేయంలోని ఒక ఎంజైమును రెచ్చగొడతాయి, ఆ ఎంజైమే కాఫీ, టీలలోని కెఫీన్‌ను విరగ్గొట్టి ఒంట్లోంచి పంపిస్తుంది. పొగ తాగేవారిలో కెఫీన్ తొందరగా ఖర్చయిపోతుంది. పొగ మానిన కొద్ది రోజులకే ఆ ఎంజైము మామూలు స్థాయికి వస్తుంది, దాంతో అదే కాఫీ తాగినా రక్తంలో కెఫీన్ ఇంచుమించు రెట్టింపు నిలుస్తుంది. నేను షిఫ్టులో రోజుకు ఆరు టీలు తాగేవాడిని. సిగరెట్టు లేని లోటు తీర్చుకోవడానికి ఎనిమిది చేశాను. అంటే తెలియకుండానే నా శరీరానికి పదహారు టీల భారం పెట్టాను.

పరిష్కారం సులువు. మానిన రోజు నుంచే కాఫీ, టీలను సగానికి తగ్గించాలి, మధ్యాహ్నం మూడు దాటాక పూర్తిగా ఆపాలి. అరకు కాఫీ మీద ప్రేమ ఉన్నవారు పొద్దున్న ఒక్క కప్పు నిశ్చింతగా తాగవచ్చు. ఈ మార్పు పొగ ఆగిపోవడం వల్ల కలిగేదే తప్ప నికోటిన్ వల్ల కాదు కనుక గమ్, ప్యాచ్ వాడేవారికీ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

ఇదే ఎంజైము మీద ఆధారపడిన మందులు కూడా కొన్ని ఉన్నాయి. ఉబ్బసానికి, ఆయాసానికి వాడే థియోఫిల్లిన్, మానసిక వ్యాధులకు ఇచ్చే క్లోజపిన్, ఓలాంజపిన్ వంటివి పొగ మానగానే ఒంట్లో ఎక్కువ మోతాదులో నిలిచిపోవచ్చు. రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడేవారు, ఇన్సులిన్ తీసుకునేవారు కూడా మానబోతున్న సంగతి ముందే తమ వైద్యుడికి చెప్పి మోతాదు సరిచూసుకోవాలి. మందుల చీటీ రాసేటప్పుడు సిగరెట్టు గురించి అడగని వైద్యులు ఉంటారు, కాబట్టి మనమే చెప్పాలి.

లక్షణం: మానేశాక దగ్గు పెరగడం, కఫం పడటం

"కాల్చినన్నాళ్ళూ లేని దగ్గు మానేశాక వచ్చింది, నాకు సిగరెట్టే పడుతుంది" అన్న మాట ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు. ఊపిరి గొట్టాల లోపలి గోడలకు సన్నటి నూగు ఉంటుంది. అది చీపురులా కదులుతూ దుమ్మునూ కఫాన్నీ పైకి తోస్తుంది. పొగ ఆ నూగును పడుకోబెట్టేస్తుంది. పొగ ఆగాక అది కోలుకుని ఏళ్ళ నాటి చెత్తను ఊడ్చడం మొదలుపెడుతుంది, ఆ ఊడ్పే ఈ దగ్గు. గోరువెచ్చని నీళ్ళు ఎక్కువగా తాగడం, రాత్రి పడుకునే ముందు ఆవిరి పట్టడం, తల కింద ఎత్తుగా దిండు పెట్టుకోవడం మేలు చేస్తాయి. కఫం పడుతున్న దగ్గును దగ్గు ఆపే సిరప్‌లతో అణచివేయడం సరికాదు. వెల్డింగ్ పొగలోనో, బొగ్గు దుమ్ములోనో పని చేసేవారు మాస్కు లేకుండా పనిలోకి దిగకూడదు.

అయితే దీనికి ఒక హద్దు ఉంది. దగ్గు రెండు వారాలు దాటినా, సాయంత్రం పూట జ్వరం వస్తున్నా, కఫంలో నెత్తురు జీర కనిపించినా, బరువు తగ్గుతున్నా అది ఊడ్పు దగ్గే అని ఇంట్లో కూర్చోకూడదు. పొగ తాగినవారికి క్షయ వచ్చే అవకాశం ఇతరుల కంటే ఎక్కువ. చినవాల్తేరులోని ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రికి వెళ్ళి కఫం పరీక్ష, ఎక్స్‌రే చేయించుకుంటే అనుమానం తీరిపోతుంది.

లక్షణం: మలబద్ధకం, నోటిపూత, ఆకలి పెరగడం

పేగుల కదలికకు నికోటిన్ ఇచ్చే తోపు ఆగిపోవడం వల్ల మలబద్ధకం వస్తుంది. పీచు ఉన్న ఆకుకూరలు, జామపండు, రాగిజావ, నీళ్ళు, రోజూ నడక ఉంటే చక్కబడుతుంది. మొదటి రెండు వారాలలో నోటిపూత కొందరికి వస్తుంది, ఉప్పునీళ్ళు పుక్కిలిస్తూ, ఆవకాయకు కొన్నాళ్ళు దూరంగా ఉంటే తగ్గుతుంది. ఆకలి, రుచి తిరిగి రావడంతో ఏడాదిలో సగటున నాలుగైదు కిలోల బరువు పెరుగుతారు. ఆ బరువు చేసే చెడు సిగరెట్టు చేసే చెడుకు దరిదాపుల్లో కూడా ఉండదు కనుక, మొదటి మూడు నెలలు ఉపవాసాలు, కఠినమైన పథ్యాలు పెట్టుకోవద్దని నా సలహా. రెండు యుద్ధాలు ఒకేసారి చేయలేము.

లక్షణం: ఒత్తిడి తట్టుకోలేకపోవడం

అన్నిటికంటే ఎక్కువకాలం వేధించేది ఇదే. సిగరెట్టు ఒత్తిడిని తగ్గిస్తుందన్న నమ్మకం మనలో బలంగా ఉంటుంది. కానీ జరిగేది వేరు. ఒక సిగరెట్టు కాల్చిన గంటకో రెండు గంటలకో నికోటిన్ తగ్గి ఒంట్లో అశాంతి మొదలవుతుంది, తర్వాతి సిగరెట్టు ఆ అశాంతిని తీరుస్తుంది. అది తీర్చినది తాను పెట్టిన అప్పునే. పై అధికారి మాట, ఇంటి అద్దె, పిల్లల ఫీజు అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. మానేసి నెలన్నర దాటినవారిలో ఆందోళన, దిగులు కాల్చే రోజులకంటే తగ్గుతాయని పరిశోధనలలో తేలింది.

ఇందులో ఇంకొక కిటుకు ఉంది. సిగరెట్టు పేరుతో మనం నిజంగా మేలు చేసే పనులు కొన్ని చేసేవాళ్ళం. పని వదిలి ఐదు నిమిషాలు బయటికి వచ్చేవాళ్ళం, లోతుగా గాలి పీల్చి నెమ్మదిగా వదిలేవాళ్ళం, తోటివాళ్ళతో నాలుగు మాటలు చెప్పుకునేవాళ్ళం. మానేశాక పొగతో పాటు ఆ విరామాన్ని కూడా వదులుకుని కుర్చీకి అతుక్కుపోతే ఒత్తిడి పెరగక ఏమవుతుంది? అదే వేళకు లేవాలి, అదే ఐదు నిమిషాలు బయట నిలబడాలి, నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలాలి. నేను సాయంత్రాలు కోస్టల్ బ్యాటరీ నుంచి కాళీమాత గుడి దాకా బీచ్ రోడ్డు వెంట నడవడం పెట్టుకున్నాను. చేతికి ఏదో ఒకటి కావాలనిపించినప్పుడు మురీ మిక్చర్ పొట్లం పట్టుకునేవాడిని. ఒక్కొక్క మరమరం ఏరుకుని తింటుంటే చెయ్యికీ నోటికీ పని దొరికేది.

చోటుకు ఉన్న బలం కూడా తక్కువది కాదు. మా జంక్షన్‌లోని కిళ్ళీ బడ్డీ గుంజకు ఒక కొబ్బరి తాడు వేలాడుతుంటుంది, దాని కొస ఎప్పుడూ నిప్పు రాజుకుంటూనే ఉంటుంది. మానేసిన పదకొండో రోజున అక్కడ బస్సు కోసం నిలబడితే, నా చెయ్యి నాకు తెలియకుండానే ఖాళీ చొక్కా జేబులోకి వెళ్ళింది. బడ్డీ ఆయన చూసి "ఏటి బాబూ, మానేసినారేటి?" అన్నాడు. అవునని పైకి చెప్పడం ఎంతో మేలు చేసింది, ఆ తర్వాత ఆయన ముందు సిగరెట్టు అడగడానికి నాకే సిగ్గేసింది. మొదటి నెల దారి మార్చుకోవాలి, బస్సు కోసం రోడ్డుకు అవతలి పక్కన నిలబడాలి, కలిసి కాల్చే మిత్రులకు "నాకు ఇవ్వొద్దురా" అని ముందే చెప్పాలి. మందు పార్టీలకు కనీసం రెండు నెలలు వెళ్ళకపోవడం మంచిది. నేనెరిగినవారిలో జారిపోయినవారు ఎక్కువమంది అక్కడే జారిపోయారు.

దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే, దేనిమీదా ఆసక్తి లేకపోతే, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా దాన్ని నికోటిన్ లోటుగా సర్దిచెప్పుకోకూడదు. మానసిక ఆరోగ్యానికి సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్‌కు, అంటే 14416కు, ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, ఖర్చు ఉండదు. చినవాల్తేరులోనే ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది.

అడ్డపొగ మానినవారికి

పొగ మానడం గురించిన మాటలన్నీ సిగరెట్టు తాగే మగవారి చుట్టూనే తిరుగుతాయి, అది నన్ను బాధిస్తుంది. మన తీరంలో జాలరి పేటల్లో, ఉత్తరాంధ్ర పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్ళు చుట్టను నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని తాగుతారు, దీన్నే అడ్డపొగ అంటారు. మా అమ్మమ్మ అలాగే చుట్ట నోట్లో ఉంచుకుని చేపలు శుభ్రం చేసేది, మాట్లాడేది, మధ్యమధ్యలో బూడిద ఉమ్మేది. నిప్పు సెగ నేరుగా అంగిలికి తగులుతుంది కనుక అక్కడ తెల్లటి మచ్చలు, పుళ్ళు, చివరికి క్యాన్సర్ రావచ్చు. మానేశాక అంగిలి మంట, కారం తగిలితే భగ్గుమనడం కనిపిస్తే మామూలు నోటిపూత అనుకోకుండా పగటి వెలుతురులో నోరు తెరిపించి చూడాలి. తెల్లటి, ఎర్రటి మచ్చ గానీ పుండు గానీ రెండు వారాలలో మానకపోతే దంతవైద్యుడికి చూపించాలి. అవసరమైతే అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. వాళ్ళకు కూడా మూడో రోజు తహతహ అలాగే ఉంటుంది. "ఇన్నాళ్ళూ తాగినావు, ఇప్పుడెందుకు" అనకుండా దగ్గర కూర్చోవాలి.

లక్షణం: ఒక్కటి కాల్చేశాను, ఇక అంతా పోయింది అనిపించడం

ఒక్క సిగరెట్టు వల్ల కోలుకున్నదంతా పోదు. మిగతా పెట్టెను నీళ్ళలో తడిపి పారేసి, అది ఏ వేళకు, ఎవరి పక్కన, ఏ కోపం మీద జరిగిందో రాసుకోవాలి. తర్వాత 1800-11-2356కు ఫోన్ చేయాలి. సిగరెట్టు పెట్టెల మీదే ముద్రించి ఉండే ఆ నంబరు పొగాకు మానేవారికి ఉచితంగా సలహా ఇచ్చే జాతీయ సేవ, తెలుగులో మాట్లాడవచ్చు. నా నోటుపుస్తకంలో మూడోసారి ప్రయత్నం నాటి ఇరవై ఆరో రోజు పేజీలో అలాంటిది ఒకటి ఉంది: "రాత్రి 9.40, పెళ్ళి పందిరి వెనుక, సగం కాల్చాను." దాని కింద ఇరవై ఏడో రోజు రాత మళ్ళీ మామూలుగానే మొదలవుతుంది: "ఉదయం 6, ఒక కాఫీ, దగ్గు తక్కువ."